రికవరీ అని రాసి సంతకం పెట్టారు

ప్రభుత్వ సొమ్ము ఎవరో మింగేశారని పేపర్లో వచ్చిన రోజు మా స్టాఫ్ రూంలో వినపడే మాట ఒకటే. "ఇన్నేళ్లు ఆడిట్ వాళ్లు ఏం చేస్తున్నట్టు?" ఆ మాట నాకు ఊరికే వదిలెయ్యబుద్ధి కాదు. బడిలో పనికి రాకముందు కొన్నేళ్లు నేను చేసింది ఆ పనే. ఉపాధి హామీ పథకంలో సామాజిక తనిఖీ బృందాల్లో, మొదట ఊరి స్థాయి తనిఖీదారుగా, తర్వాత డీఆర్పీగా, అంటే జిల్లా స్థాయి రిసోర్స్ పర్సన్‌గా తిరిగాను. దొంగతనం దొరకదని చాలామంది అనుకుంటారు. దొరుకుతుంది. ఊళ్లోకి పోయి ఇల్లిల్లూ అడిగితే రెండో రోజుకే దొరుకుతుంది. దొరికిన తర్వాత ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా, కొత్త లెక్కలో శ్రీ సత్యసాయి జిల్లా. మా అమ్మా నాన్నా ఇద్దరూ కరువు పనికి పోయినవాళ్లే. ఉపాధి హామీని దేశం మొత్తానికి 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది మా ఉమ్మడి జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్, సోనియాగాంధీ వచ్చారు. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో రోజు కూలీ 80 రూపాయలు. 2025 నాటికి 300 దాటింది.

2005లో చేసిన ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ అని ఒకటుంది. పథకం కింద జరిగిన పనులన్నిటినీ గ్రామసభే తనిఖీ చెయ్యాలంటుంది అది. ఎక్కడి నుంచి వచ్చింది ఈ ఆలోచన అంటే, రాజస్థాన్ నుంచి. అరుణా రాయ్ వాళ్ల కూలీల, రైతుల సంఘం మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబర్లో పాలీ జిల్లా కోట్ కిరానా అనే ఊళ్లో జనాన్ని కూర్చోబెట్టి, పంచాయతీ బిల్లులు గట్టిగా చదివి వినిపించింది. పని చేశారని రాసినవాళ్లే ఎదురుగా కూర్చుని, మేం చెయ్యలేదని లేచి చెప్పారు. శిక్షణలో ఈ సంగతి చెప్పినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఖాతా పుస్తకం చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదని, గొంతు ఉంటే చాలని అప్పుడే అర్థమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పద్ధతిని తీసుకుని 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టింది. దేశంలో మిగతా రాష్ట్రాలకు మనమే దారి చూపించామని చెప్పుకునేవాళ్లం. అది నిజం కూడా.

మాకు నియమాలు గట్టిగా ఉండేవి. సొంత ఊరు తనిఖీ చెయ్యకూడదు. సర్పంచి ఇంట్లో గానీ ఊళ్లో పనులు చూసి హాజరు రాసే ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లో గానీ టీ కూడా తాగకూడదు. బడిలోనో కూలీల ఇళ్లలోనో పడుకోవాలి, వాళ్లు పెట్టింది తినాలి. ముందుగా ఎంపీడీఓ ఆఫీసు నుంచి కూలీల హాజరు రాసే మస్టర్లు, పని కొలతలు రాసే ఎం-బుక్కులు, కూలీ డబ్బు చెల్లించే పే ఆర్డర్లు తీసుకుని, మనిషివారీగా పట్టికలు రాసుకుని ఊళ్లోకి దిగేవాళ్లం.

మామూలు ఆడిట్ ఎందుకు పట్టుకోలేకపోతుందో నాకు తెలిసింది ఆ పట్టికలు రాసేటప్పుడే. మస్టరులో ఆరు రోజులు ఉంటుంది. ఎం-బుక్కులో ఆ ఆరు రోజులకు సరిపడా మట్టి ఉంటుంది. పే ఆర్డరులో ఆ మట్టికి సరిపడా డబ్బు ఉంటుంది. పోస్టాఫీసులో ఆ డబ్బుకు సరిపడా వేలిముద్ర ఉంటుంది. అన్నీ పైసాతో సహా సరిపోతాయి. సరిపోకుండా ఎందుకుంటాయి? అన్నీ రాసింది ఒకే గుంపు కదా. ఆఫీసులో కూర్చుని వోచరు పక్కన వోచరు పెట్టి చూసే ఆడిటరు ఎంత నిజాయితీపరుడైనా టిక్కు పెట్టి లేవాల్సిందే. ఆయన దగ్గర ఉన్నది కాగితం, దాన్ని పోల్చడానికి ఉన్నది ఇంకో కాగితం.

2021లో హైదరాబాద్‌లో తెలుగు అకాడమీ వ్యవహారం బయటపడినప్పుడు నాకు ఇదే తట్టింది. మేం డిగ్రీలో చదివిన పుస్తకాలు వేసిన సంస్థ అది. రెండు రాష్ట్రాల పంపకాల కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ల లెక్క తియ్యబోతే 60 కోట్లకు పైగా సొమ్ము బ్యాంకుల్లో లేదని తేలింది. నకిలీ పత్రాలతో, ఫోర్జరీ సంతకాలతో గడువుకు ముందే డ్రా చేశారని పోలీసులు చెప్పారు. పంపకాల అవసరం రాకపోయి ఉంటే ఇంకెంతకాలం నడిచేదో. డిపాజిట్ రసీదు పట్టుకుని ఎవరైనా ముందే బ్యాంకుకు పోయి, "ఈ డబ్బు మీ దగ్గర ఉందా" అని అడిగి ఉంటే చాలు. మేం ఊళ్లలో చేసింది అంతే. కాగితం మీద పేరు తీసుకుని ఆ మనిషి దగ్గరికి పోయి అడగడం.

ఒక ఊరి సంగతి చెప్తాను. పేరు రాయను. సాక్ష్యం చెప్పినవాళ్లు ఇంకా ఆ ఊళ్లోనే బతుకుతున్నారు.

2010 ఎండాకాలం. చెరువు పూడికతీత. మూడు వారాల మస్టర్లు, ఫైలు చూస్తే ముచ్చటగా ఉంది, ఒక్క కొట్టివేత లేదు. ఎండలో కూలీలతో నింపే మస్టరు అంత శుభ్రంగా ఉండదు. చెమట మరకలుంటాయి, తప్పులుంటాయి. మాతో ఉన్న ఒక సీనియర్ అన్న దాన్ని చూడగానే, "ఇది ఇంట్లో కూర్చుని రాసింది" అన్నాడు.

మొదటి వీధిలో ఒక పెద్దమ్మ. పట్టిక చదివి అడిగాను.

"పెద్దమ్మా, మే నెల రెండో వారంలో ఆరు దినాలు చెరువు పనికి పోయినావా?"

"యాడి పని పాపా? మా కోడలు కానుపుకని ధర్మవరం ఆస్పత్రిలో ఉండె. నేను ఆడ్నే ఉంటి."

లోపలికి పోయి పెట్టె తెరిచి, చీరల కింది నుంచి ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన చీటీ తెచ్చింది. తేదీలు అవే. పోస్టాఫీసు పాస్‌బుక్కు ఎక్కడుందని అడిగితే, "ఆ అబ్బోని దగ్గరే. అందరివీ ఆడ్నే పెట్టుకోనుంటాడు" అంది. ఆ అబ్బోడంటే ఫీల్డ్ అసిస్టెంట్.

నాలుగిళ్లు దాటాక ఒకాయన ఇంకో సంగతి చెప్పాడు. ఇది నేను దాచదల్చుకోలేదు. "మాకు చెప్పే రాసుకున్నాడమ్మా. పనికి రాకున్నా పేరు రాస్తా, నూరు రూపాయలు మీకు, కడమది మాకు అన్నాడు." ఊళ్లో చాలామంది ఆ నూరు తీసుకున్నారు. వాళ్లను దొంగలని నేను అనను. ఆ ఎండాకాలం ఆ ఊళ్లో ఇంకో పని లేదు, ఇస్తానన్న నూరు వద్దంటే పొయ్యి వెలగదు. కానీ ఆ నూరు రూపాయలు కూలికి కాదు, నోరు మూసుకోవడానికి ఇచ్చినవి. తనిఖీకి పోయినప్పుడు మాకు అడ్డం వచ్చింది భయం కన్నా ఈ పంపకమే ఎక్కువసార్లు. "చెప్తే మేమూ తిన్నామని రాస్తారు కదా పాపా" అని ఎంతమంది అడిగారో.

చెరువు దగ్గరికి పోయి టేపు వేశాం. ఎం-బుక్కులో రాసిన లోతు ఎక్కడా రాలేదు. తవ్విన చోట గట్టు అంచున జేసీబీ పంటి గాట్లు వరసగా కనపడుతున్నాయి. పారతో తవ్వితే అట్లా రాదు. మేకలు కాసే పిల్లోడు ఒకడు అక్కడే నిలబడి, "రాత్రిళ్లు బండి వచ్చిండె అక్కా, లైట్లేసుకోని తవ్వి పాయ" అన్నాడు. వీలైనంత వరకు యంత్రంతో కాకుండా మనుషులతోనే పని చేయించాలని చట్టంలోనే ఉంది. ఆ కొలతల కింద టెక్నికల్ అసిస్టెంట్ సంతకం, దాని కింద కొలతలు మళ్లీ సరిచూశానని పై ఇంజినీరు పెట్టే చెక్ మెజర్‌మెంట్ సంతకం. ఇద్దరూ స్థలానికి వచ్చి కొలిచినట్టు తేదీలతో సహా.

పెద్దమ్మ చెప్పింది రాసి, ఆమెకే చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నాం. ఆ రాత్రి ఆమె ఇంటికి ఎవరో పోయి వచ్చారు. పొద్దున్నే మేం పడుకున్న బడి దగ్గరికి వచ్చి, "నా పేరు కొట్టేయి పాపా, మేము ఈ ఊర్లో బతకల్ల" అంది. కొట్టేశాం. మేం మూడో రోజు వెళ్లిపోతాం, ఆమె ఆ వీధిలోనే ఉండాలి. బలవంతపెట్టే హక్కు మాకు లేదు.

తనిఖీలో తేలింది అందరి ముందు చదివే ప్రజావేదిక మండలంలో పెట్టారు. షామియానా, మైకు, స్టేజీ మీద జిల్లాలో ఈ పథకం నడిపే డ్వామా అధికారులు, ఎంపీడీఓ, ఎంపీపీ. ఆ ఊరి నివేదిక చదువుతున్నప్పుడు ఫీల్డ్ అసిస్టెంటు లేచి, చెరువు పని నిజంగానే జరిగిందని, కొందరు ముసలివాళ్లు మతిమరుపుతో ఏదో చెప్పారని అన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. వెనక ఆడవాళ్లలో కూర్చున్న పెద్దమ్మ అంతమందిని దాటుకుని ముందుకొచ్చింది. మైకు ఎట్లా పట్టుకోవాలో తెలీక రెండు చేతులతో పట్టుకుంది.

"నా మనవరాలు పుట్టిన దినం నేను మర్చిపోతానా?"

తర్వాత ఆ చీటీ తీసి స్టేజీ మీద పెట్టింది. ఆమె వెనకే ఇంకో పదిమంది లేచారు. నూరు తీసుకున్నాయన కూడా లేచి, తీసుకున్నానని ఒప్పుకుని, ఎవరిచ్చారో చెప్పాడు. నా జీవితంలో నేను చూసిన గొప్ప గంటల్లో అదొకటి. ప్రిసైడింగ్ అధికారి అప్పటికప్పుడే నిర్ణయం రాయించాడు. ఫీల్డ్ అసిస్టెంటును తొలగించాలి. సొమ్మును అతని నుంచీ, టెక్నికల్ అసిస్టెంటు నుంచీ, పోస్టుమాస్టరు నుంచీ వాటాల ప్రకారం రికవరీ చెయ్యాలి. కింద సంతకం. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాతి విడత తనిఖీకి ఇంకో బృందం పోయింది. వాళ్ల దగ్గర్నుంచి, తర్వాత స్వయంగా ఆ ఊరివాళ్ల నుంచి నాకు తెలిసింది ఇది. ఫీల్డ్ అసిస్టెంటును తీసేశారు, నిజమే. అతని తమ్ముడు కూలీల గుంపుకు పెద్దగా, అంటే మేటుగా ఉన్నాడు. టెక్నికల్ అసిస్టెంటు పక్క మండలంలో అదే పని చేస్తున్నాడు. చెక్ మెజర్‌మెంట్ సంతకం పెట్టినాయన పేరు నిర్ణయంలోనే లేదు, ఆయన ఎక్కడికీ పోలేదు. డబ్బు ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. పెద్దమ్మకు ఆ ఏడాది పని ఇవ్వలేదు. పనికి పోతే, "మస్టరులో నీ పేరు రాలేదు, పోయి తనిఖీ వాళ్లనడుగు" అన్నారట.

ఇది ఒక్క ఊరి దురదృష్టం అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు. 2021లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ లెక్కలు పేపర్లలో వచ్చాయి. 2017-18 నుంచి 2020-21 దాకా నాలుగేళ్లలో దేశమంతటా సామాజిక తనిఖీల్లో తేలిన దుర్వినియోగం 935 కోట్ల రూపాయలు. వసూలైంది 12.5 కోట్లు. వంద రూపాయలు పోతే రూపాయి పావలా కాస్త దాటి వెనక్కొచ్చింది. తనిఖీలను అన్నిటికన్నా ముందు ఒక పద్ధతిగా నిలబెట్టి, దేశానికి నేర్పించిన మన ఆంధ్రప్రదేశ్ సంగతి చూస్తే, తేలింది 239 కోట్లు, వసూలైంది 1.88 కోట్లు. వందకు ఎనభై పైసలు కూడా కాదు.

ఆ 239 కోట్ల వెనక ఎంతమంది పెద్దమ్మలు మైకు దగ్గరికి నడిచి ఉంటారో నాకు తెలుసు. ఆ అంకె చూసినప్పటి నుంచి నాకు కోపం తగ్గలేదు.

ఎందుకు వసూలు కాదో ఆలోచిస్తే నాకు కనపడినవి చెప్తాను. ఊరికి పోయేది చిన్న మొత్తం. ఒకచోట ఇరవై వేలు, ఒకచోట నలభై. అంత చిన్నదానికి క్రిమినల్ కేసు దేనికని వదిలేస్తారు. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాల్సింది ఎంపీడీఓ. పే ఆర్డరు మీద సంతకం ఉన్నది ఆ ఆఫీసుదే. తన సంతకం మీద తనే ఫిర్యాదు రాసే మనిషి ఎక్కడో ఒకరుంటారు. రెవెన్యూ రికవరీ చట్టం కింద వసూలు చెయ్యొచ్చు, అది 1864 నాటి చట్టం, శిస్తు కట్టని రైతు ఆస్తిని జప్తు చెయ్యడానికి బాగా పనికొచ్చింది. ఇక్కడ నోటీసు డ్వామా నుంచి తహసీల్దారుకు పోతుంది, తహసీల్దారు నుంచి వీఆర్వోకు పోతుంది, "సదరు వ్యక్తి పేరున ఆస్తులు లేవు" అని రాసి తిరిగొస్తుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే శిక్ష గురించి 25వ సెక్షన్ ఉంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. నలభై వేలు తిన్నవాడికి వెయ్యి.

ఇదంతా ప్రభుత్వానికి తెలీక కాదు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీకి, అవినీతి నిరోధానికి కలిపి ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. మొబైల్ కోర్టులు మండలాలకు వచ్చి త్వరగా విచారించేలా అందులో వీలు పెట్టారు. మేమందరం ఎంత సంబరపడ్డామో. నేను పని చేసినన్నాళ్లు నేను తిరిగిన మండలాల్లో ఆ కోర్టు ఏ కేసు విచారించగా నేను చూడలేదు.

ఇంకో మాట కూడా అనాలి. ప్రజావేదికల్లో తీసేసిన వాళ్లందరూ ఒకే మెట్టు మీదివాళ్లు. ఫీల్డ్ అసిస్టెంట్లు, మేట్లు, కంప్యూటర్ ఆపరేటర్లు. కొద్దిపాటి జీతానికి ఒప్పందం మీద పనిచేసే, ఎక్కువమంది అదే ఊరి పేద ఇళ్ల పిల్లలు. వాళ్లు తప్పు చెయ్యలేదని కాదు. కానీ ఒక మస్టరు డబ్బుగా మారాలంటే ఎన్ని సంతకాలు పడతాయో నేను చేత్తో లెక్క రాసినదాన్ని. అన్నిటికన్నా కింది సంతకం ఒక్కటే దొంగదై, పైవన్నీ పొరపాటువి ఎట్లా అవుతాయి? రెగ్యులర్ ఉద్యోగి మీద చర్య తీసుకోవాలంటే చార్జి మెమో, విచారణ అధికారి, వివరణ, అప్పీలు. ఈలోగా ఆయన రిటైరవుతాడు. ఒప్పంద ఉద్యోగిని తియ్యడానికి ఒక్క లైను చాలు. అందుకే ఆ లైనే రాస్తారు.

2023 జనవరి 1 నుంచి పని దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి యాప్‌లో పెట్టాలన్నారు. ఇక దొంగ మస్టర్లు పోతాయన్నారు. 2025 జూలైలో కేంద్ర శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. పనికి సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారని, ఫోటోకే ఫోటో తీసి ఎక్కిస్తున్నారని అందులో ఉంది. నాకు ఆశ్చర్యం కలగలేదు. కాగితం బదులు ఫోన్ వచ్చింది, ఆ మనిషిని అడిగేవాళ్లు రాలేదు. అడిగే తనిఖీ విభాగాలు మాత్రం డబ్బుల్లేక నీరసపడుతూ వచ్చాయి. పథకం ఖర్చులో 0.5 శాతం దాకా తనిఖీకి ఇవ్వొచ్చని నిబంధన. అది ఇచ్చేది ఎవరి లెక్కలు చూడాలో ఆ శాఖే.

మా మాజీ సహోద్యోగులు కొందరం ఇప్పుడు సమాచార హక్కు అర్జీలు పెట్టే పని ఒకటి పెట్టుకున్నాం, చదివేవాళ్లు కూడా మీ మండలంలో చెయ్యగలరు కాబట్టి రాస్తున్నాను. తనిఖీ నివేదిక ఎవరైనా ఇస్తారు, అందులో బోలెడు పేజీలుంటాయి. అడగాల్సింది ప్రజావేదికలో తీసుకున్న నిర్ణయాల మీద చర్యల నివేదిక. రికవరీ చేశామంటే ఏ తేదీన, ఏ చలానా నంబరుతో, ఏ ఖాతాలో జమ చేశారో అడగండి. "ప్రగతిలో ఉంది" అని రాస్తే ఏ నోటీసు ఎవరికి ఎప్పుడు పంపారో దాని నకలు అడగండి. ఆ పనికి చెక్ మెజర్‌మెంట్ చేసింది ఎవరో, ఆ ఉద్యోగి మీద ఏ చర్య తీసుకున్నారో విడిగా ఒక ప్రశ్నగా రాయండి, లేకపోతే ఎగ్గొడతారు. సాక్ష్యం చెప్పినవాళ్ల సంగతి కూడా మర్చిపోవద్దు. జాబ్ కార్డు నంబరు తెలిస్తే ఎవరికి ఏ ఏడాది ఎన్ని రోజుల పని దొరికిందో పథకం వెబ్‌సైట్లోనే కనపడుతుంది. ప్రజావేదికకు ముందు ఏడాది, తర్వాత ఏడాది పక్కపక్కన పెట్టి చూడండి. పని రోజులు ఒక్కసారిగా పడిపోయి ఉంటే ఆ ఇంటికి పోయి అడగండి. వాళ్లు ఒప్పుకుంటేనే అర్జీలో రాయండి.

సమాచార హక్కు అర్జీకి మన రాష్ట్రంలో పంచాయతీలో ఫీజు లేదు. మండలాఫీసులో అయిదు రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మేం రెండు మండలాలకు పెట్టాం. చలానా నంబర్లు వస్తే అవి, రాకపోతే వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు ఇక్కడే పెడతాను.